కొత్త రచనకు కొలమానం: వాగ్గేయకార సంప్రదాయంలో గుణదోష విచారణ

సంగీతాభ్యాసంలో ఉన్న యువకుడు తొలిసారి ఒక రచన చేసి పెద్దల ముందు ఉంచినప్పుడు వారు దానిని ఏ దృష్టితో పరిశీలించాలి? కేవల ప్రశంస వల్ల గాని, కేవల నింద వల్ల గాని అతనికి మార్గం తెలియదు. దక్షిణ భారత సంగీత చరిత్రలో ఈ ప్రశ్నకు శాస్త్రం ఒక సమాధానం, ఆస్థానం మరొక సమాధానం ఇచ్చాయి.

13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని ఆశ్రయంలో ఉన్న శార్ఙ్గదేవుడు తన 'సంగీతరత్నాకరం'లో వాగ్గేయకార లక్షణాన్ని వివరించాడు. సాహిత్యాన్ని 'మాతువు' అని, సంగీతాన్ని 'ధాతువు' అని వేరుచేసి, రెండింటిలోను సమర్థుడైనవానిని ఉత్తమునిగా పేర్కొన్నాడు. ధాతువులో మిన్న అయి మాతువులో వెనుకబడినవాడు మధ్యముడు. మాట రమ్యమైనా ధాతువు మందమైతే అతడు అధముడు. పరుల వరుసకు తన మాటలు కూర్చేవాడు కుట్టికారుడు. ఇది పైకి తరతమ నిర్ణయంగా కనిపించినా, నిజానికి లోపం ఎక్కడ ఉన్నదో చూపే సాధనం. రచన బాగులేదనడం వేరు, మాట కుదిరింది గాని వరుస కుదరలేదనడం వేరు. రెండవ మాట విన్నవాడు మరునాడు ఏమి సాధన చేయాలో గ్రహించగలడు. వాగ్గేయకారునికి ఉండవలసిన గుణాలలో రోషద్వేషాలను విడిచిపెట్టడం, ఔచిత్యం ఎరగడం, ఇతరుల చిత్తాన్ని గ్రహించడం కూడా చేరి ఉండడం గమనార్హం. రచయితకు విధించిన ఈ గుణాలు పరీక్షకునికి మరింత అవసరం.

తెలుగులో ఈ లక్షణచింతనకు తాళ్లపాక కవులు స్థానం కల్పించారు. అన్నమాచార్యుల మనుమడు చిన తిరుమలాచార్యుడు 'సంకీర్తన లక్షణము'ను తెలుగు పద్యాలలో రచించి, పదరచనకు ప్రమాణాలను దేశభాషలోనే అందుబాటులోకి తెచ్చాడు.

శాస్త్రం చూపిన ఈ విచక్షణ ఆస్థానంలో ఎలా ఆచరణకు వచ్చిందో ఎట్టయాపురం వృత్తాంతం తెలుపుతుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలస్వామి దీక్షితులు అక్కడి ఆస్థాన విద్వాంసులు. ఆయన దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు (1839-1906) పదిహేడవ యేట దర్బారు రాగంలో ఒక వర్ణం రచించి ప్రభువుకు వినిపించారు. అది బాలుని రచన కాదని, బాలస్వామి దీక్షితులే కట్టి ఇచ్చారని కొందరు సందేహించారు. అపవాదు నిలిచిపోతే ఆ యువకుని విద్య మొదటి మెట్టులోనే ఆగిపోయేది. ప్రభువు సందేహాన్ని కొట్టివేయలేదు, శిక్షగానూ మార్చలేదు. నియమాలు విధించి యమునా రాగంలో జతిస్వరం రచించమని ఆదేశించారు. బాలస్వామి సహాయం అందకుండా జాగ్రత్త వహించారు. దీక్షితులు దానిని పూర్తిచేసి వినిపించి సన్మానం పొందారు. ఆరోపణకు వాదంతో గాక మరొక రచనతో సమాధానం చెప్పుకొనే అవకాశం ఆయనకు లభించింది.

ఆ యువకుడే 1904లో ఎట్టయాపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో ప్రకటించారు. 72 మేళాల క్రమంలో రాగలక్షణాలను, లక్ష్యంగా కృతులను, స్వరరచిత సంచారులను గమక చిహ్నాలతో సహా అందులో ముద్రించారు. గురుముఖంగా మాత్రమే తెలిసే దిద్దుబాటు అంతవరకు గురువు ఎదుట కూర్చున్నవానికే దక్కేది. ఈ గ్రంథంతో దూరాన ఉన్న అభ్యాసకుడు కూడా తాను కట్టిన వరుసను పూర్వుల ప్రయోగంతో పోల్చి, ఏ సంచారం రాగానికి సరిపడలేదో తానే సరిచూసుకొనే వీలు కలిగింది.

లోపాన్ని దాని స్థానంలో చూపడం, సందేహం కలిగితే మరొక రచనకు అవకాశమివ్వడం, సరిపోల్చుకొనేందుకు ప్రమాణం అందించడం ఈ చరిత్రలో కనిపించే మూడు పద్ధతులు. నేడు ఔత్సాహికుల రచనలను పరిశీలించే విద్యాసంస్థలకు, సభలకు ఇవి ఆచరణయోగ్యాలు. ఒక బాలుని వర్ణాన్ని సందేహించి అంతటితో ఆగి ఉంటే, తెలుగులో వెలువడిన అంతటి సంగీత నిధి ఆ చేతి మీదుగా రాకపోయేదేమో!