నూజివీడు మెట్ట ప్రాంతపు శిలలు, జలవనరులు

నూజివీడు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని ఏలూరు జిల్లాకు చెందిన పట్టణము. 2022 ఏప్రిల్ వరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి మామిడికి పేరుగాంచిన ఈ మెట్ట ప్రాంతములో నీటి లభ్యత వర్షముపైన, నేల క్రింది శిలలపైన ఆధారపడి ఉన్నది.

శిలలు

ఈ ప్రాంతములో అగ్నిపర్వత శిఖరము ఏదీ లేదు. ఇక్కడి కొండలు ఎక్కువగా తూర్పు కనుమలకు చెందిన ఖోండలైట్, చార్నొకైట్ శిలలు. ఇవి లావా వలన ఏర్పడినవి కావు, అతి ప్రాచీనమైన రూపాంతర శిలలు. లావా గడ్డకట్టిన నల్లరాయిని చూడాలంటే తూర్పుగా కొవ్వూరు సమీపములోని పంగిడి, దుద్దుకూరు గ్రామాలకు వెళ్ళాలి. గోదావరి ఆవలి గట్టున కాతేరు వద్ద కూడ ఇది కనబడుతుంది. సుమారు 6.5 కోట్ల సంవత్సరాల నాటి ఈ రాతి పొరలను రాజమండ్రి ట్రాప్స్ అంటారు. అక్కడ కూడ అగ్నిపర్వతము లేదు. ఆ లావా పశ్చిమ కనుమల ప్రాంతములో వెలువడి, ప్రాచీన నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి తూర్పు తీరము చేరినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. లావా పొరల నడుమ ఉన్న సున్నపురాతిలో సముద్రజీవుల శిలాజాలు లభించాయి.

నూజివీడు సమీపములోని గొల్లపల్లి పేరు మీదుగా ఒక ఇసుకరాతి శ్రేణికి గొల్లపల్లి ఇసుకరాయి అని పేరు వచ్చినది. ఇందులో ప్రాచీన వృక్షాల శిలాజాలు ఉన్నాయి. స్థానిక విద్యార్థులు తప్పక తెలుసుకోదగిన విషయమిది.

భూగర్భ జలము

నల్లరాయి గట్టిది. దానిలో నీరు పగుళ్ళలోను, శిథిలమైన పై పొరలోను మాత్రమే నిలుస్తుంది. ఖోండలైట్, చార్నొకైట్ల సంగతి కూడ ఇంతే. ఇసుకరాయి రేణువుల మధ్య ఖాళీలు ఉండుట వలన అది నీటిని బాగా ఇముడ్చుకొంటుంది. అందువలననే ఒక తోటలో బోరు పడి, ప్రక్క తోటలో పడకపోవడము మెట్టలో సాధారణము. మామిడి మొక్కకు తొలి సంవత్సరాలలో తడులు తప్పనిసరి. కాపుకు వచ్చిన చెట్టుకు పూతకు ముందు బెట్ట మేలు చేస్తుంది గాని, పిందె కట్టిన పిదప నీరు కావాలి. ఆ అవసరము వేసవిలో, అనగా భూగర్భ జలము అడుగంటే కాలములోనే వస్తుంది.

ఏరులు, కాలువలు

తమ్మిలేరు, రామిలేరు ఈ మెట్టల గుండా దక్షిణముగా ప్రవహించి కొల్లేరు సరస్సులో కలుస్తాయి. ఇవి వానాకాలపు ఏరులు. పడమట మైలవరం కొండలలో పుట్టే బుడమేరు కూడ కొల్లేటికే చేరుతుంది. 2024 సెప్టెంబరులో దీని వరద విజయవాడలోని అనేక కాలనీలను ముంచివేసినది. ఎండాకాలములో తోటకు తడి దొరకని చోటికి కొద్ది దూరములోనే ఈ వరద రావడము గమనార్హము. గోదావరి జలాలను మెట్టకు ఎత్తిపోయడానికి 2008లో మొదలైన చింతలపూడి ఎత్తిపోతల పథకము ఇంకను పూర్తి కాలేదు.