పై డే: మార్చి 14న అమెరికాలో పండ్ల 'పై'లు ఎందుకు తింటారో తెలుసా?

మార్చి 14 వచ్చిందంటే చాలు.. అమెరికాలో చాలా స్కూళ్లు, ఆఫీసుల్లో యాపిల్ పై, చెర్రీ పై ముక్కలు పంచుకుంటారు. ఇంతకీ ఈ తేదీకి, ఆ స్వీట్‌కు లింకేంటి?

చిన్నప్పుడు లెక్కల్లో చదివిన 'పై' గుర్తుందా? వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే విలువ.. సుమారు 3.14. అమెరికాలో తేదీ రాసేటప్పుడు ముందు నెల వేస్తారు. అంటే మార్చి 14.. 3/14 అన్నమాట. తినే పై పేరూ అలాగే పలుకుతుంది, అదీ గుండ్రంగానే ఉంటుంది.

ఎవరు మొదలుపెట్టారు?

1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లోరేటోరియం మ్యూజియంలో భౌతిక శాస్త్రవేత్త లారీ షా పండ్ల పైలు, టీ పెట్టి ఈ వేడుకకు శ్రీకారం చుట్టారు. 2009లో అమెరికా ప్రతినిధుల సభ కూడా పై డేకు మద్దతుగా తీర్మానం చేసింది.

ఎలా చేస్తారు?

మైదాలో చల్లటి వెన్న ముక్కలు, చల్లటి నీళ్లు వేసి ఎక్కువ పిసకకుండా కలుపుతారు. ఓవెన్ వేడికి వెన్న కరిగి, అందులోని తేమ ఆవిరై పొరలు విచ్చుకుంటాయి. లోపల యాపిల్ ముక్కలు, చక్కెర, దాల్చిన చెక్క పొడి. రసం చిక్కబడటానికి కొంచెం కార్న్‌ఫ్లోర్.

శాకాహారులు ఇది చూసుకోండి

లోపల పండ్లే కదా అని తినేయకండి! పై పిండిలో లార్డ్, అంటే పంది కొవ్వు కలపడం పాత పద్ధతి. కొన్ని రెడీమేడ్ పైల్లో ఇప్పటికీ వాడుతున్నారు. మెరుపు కోసం పైన గుడ్డు సొన పూయడమూ మామూలే. అందుకే అమెరికాలోని మనవాళ్లు కొనేముందు లేబుల్ చదవాలి. స్కూల్లో ఇస్తే ఏం చేయాలో పిల్లలకు ముందే చెప్పి పంపితే మంచిది.