ధాన్యకటకమున నొక దినము

పల్నాటి అచ్చంపేటనుండి ప్రొద్దున బయలుదేరి, కృష్ణాతీరమున నున్న అమరావతిని జూచి, సాయంకాలమునకు మేము తిరిగి వచ్చితిమి. ప్రక్కనున్న ధరణికోటయే పూర్వపు ధాన్యకటకము. ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఇచ్చటికి వచ్చెను. 1797లో మెకంజీ వచ్చునాటికే జనులు స్తూపపు ఱాళ్లను త్రవ్వి కట్టడములకు గొనిపోవుచుండిరి. పెక్కు ఫలకములు సున్నమైపోయెను. మిగిలినవానిలో ననేకము చెన్నపట్టణపు, లండను ప్రదర్శనశాలలకు జేరెను.

ఆ ఱాళ్లపై దాతల పేర్లు గలవు. భిక్షుణులు, గృహిణులు, వర్తకులు వారిలో నుండిరి. నాగోపాధ్యాయుని కుమారుడగు విధికుడను చర్మకారుడు తల్లితోను, భార్యతోను, బిడ్డలతోను గూడి పూర్ణఘటఫలకమును దాన మిచ్చెను. తోలుపనివాని పేరును స్తూపమునందు చెక్కుటకు నాటివారు సంకోచింపలేదు. అతనివంటివానిని తమ పంక్తిని గూర్చుండబెట్టుటకు సంకోచించువారు నేటికిని గలరు. బిడ్డలను అమరావతికి దోడ్కొనిపోవు తల్లిదండ్రులు విధికుని పేరును వారికి తప్పక చెప్పవలయును.