హాప్స్ తోటలలో లండను కుటుంబములు

ఇంగ్లండు దేశమున లండను నగరమునకు ఆగ్నేయదిశను కెంటు అను మండలము కలదు. పండ్లతోటలు విస్తారముగా నుండుటచే ఆ దేశీయులు దానిని ఇంగ్లండు ఉద్యానవనమని పిలుచుకొందురు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము మొదలు 1960 ప్రాంతము వఱకు, ఏటేట ఆగస్టు చివరి దినములు రాగానే, తూర్పు లండనునందలి కార్మిక కుటుంబములు వేలకొలదిగా ఈ మండలమునకు తరలివచ్చెడివి. రైతుల పొలములలో కొన్ని వారములు కాపురముండి, తమ వంట తామే చేసికొని, పంట ముగిసిన పిమ్మట తిరిగి పోయెడివి. ఈ యాత్రకు వారు పెట్టుకొన్న పేరు ‘సెలవు’. పగలెల్ల కూలిపని చేసి దానిని సెలవని చెప్పుకొనుట మనకు వింతగా తోచవచ్చును. ఆ పేరునందు సత్యమెంత గలదో విచారింపదగి యున్నది.

హాప్స్ అనునది త్రాళ్లను, కఱ్ఱలను పెనవేసికొని పదునైదడుగులకు పైబడి ప్రాకెడి తీగ. దాని పచ్చని పూగుత్తులు యవలతో కాచు బీరునకు చేదును, పరిమళమును, నిలువయుండు గుణమును ఇచ్చును. ఈ సేద్యము పదునాఱవ శతాబ్ది పూర్వభాగమున ఫ్లాండర్సు ప్రాంతమునుండి కెంటునకు వచ్చినది. 1574లో రెజినాల్డు స్కాటు అను కెంటు వాసి దీనిని గూర్చి ప్రత్యేకముగ ఒక గ్రంథమే రచించెను. 1878 నాటికి ఇంగ్లండునందు దాదాపు 72 వేల ఎకరములలో హాప్స్ పండుచుండెను; అందు అధికభాగము కెంటునదే. పూలు పక్వమైన పిమ్మట కోతకు గడువు స్వల్పము. ఒక్కొక్క గుత్తిని చేతితోనే త్రుంపవలెను. పరిసర గ్రామముల జనము ఆ పనికి ఏమూలకును చాలదు. సంచారజాతియైన రోమనీలు, ఐర్లండు కూలీలు వచ్చెడివారు. అందఱికంటె మిక్కుటముగ లండను పేదలు వచ్చెడివారు.

వచ్చుట కూడ ఇష్టము వచ్చినట్లు కాదు. కోతకు ముందుగా రైతు తన పాత కూలీలకు జాబు వ్రాయించును. ఆ జాబు అందిన ఇల్లాలికి ఆ యేటి గుడిసె దక్కినట్లే. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి యని మన పెద్దలు చెప్పుదురు. వీరు తిథి నిర్ణయింపబడి వచ్చు అతిథులు. జాబు చేతికి వచ్చినది మొదలు ఒక పెద్ద చెక్కపెట్టెలో గిన్నెలు, దుప్పట్లు, తేయాకు, పంచదార కూర్చుకొనుట సాగును. ఆ పెట్టెకు చక్రములు బిగించి, తెల్లవాఱక మునుపే వీధులవెంట లండను బ్రిడ్జి స్టేషనునకు త్రోసికొని పోయెడివారు. రైలు కంపెనీలు వీరికొఱకు తక్కువ ఛార్జీపై ప్రత్యేక బండ్లు నడిపెడివి. వానికి తగిలించినవి మాత్రము పాతబడిన పెట్టెలు. ప్రయాణికులలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులే యెక్కువ. మగవారు పని మానుకొనలేక నగరమున నిలిచి, శని ఆదివారములందు వచ్చి చూచి పోయెడివారు.

రైతు ఇచ్చునది నాలుగు గోడలు, గడ్డి, పుల్లల మోపులు, ఇంతియే. గుడిసె ఇటుకతోనో చెక్కతోనో రేకుతోనో కట్టినది. పొడవు వెడల్పులు సుమారు పదేసి అడుగులు. పుల్లల మోపులు పఱచి, వానిపై గడ్డి కుక్కిన పఱుపు వేసికొనిన అదియే కుటుంబమంతటికి శయ్య. వచ్చిన నాడే ఇల్లాండ్రు గోడలకు సున్నము కొట్టి, రంగుకాగితము లంటించి, కిటికీకి తెర కట్టుదురు. మఱుసటి యేడు అదే గుడిసె కావలెనని పట్టుపట్టుదురు. అమ్మమ్మ ఉన్న గుడిసెలో మనుమరాలు పిల్లల తల్లియై దిగుట సామాన్యమైన సంగతి.

వంట ఆరుబయట. ఇనుప కడ్డీకి వ్రేలాడవేసిన కుండలో ఉర్లగడ్డలు, మాంసము, కూరగాయలు కలిపి ఉడికించెడివారు. ఆపిలు పండ్లు అడిగి తెచ్చుకొన్నవియు ఉండును, అడుగక తెచ్చుకొన్నవియు ఉండును. హాప్స్ రసము చేతులకు నల్లగా పట్టి ఎంత తోమినను వదలదు. రొట్టె ముట్టుకొనిన అదియు చేదెక్కును. అయినను ఆ పొగ, ఆ చేదు, ఆ రాత్రి పాటలు వృద్ధులైన వెనుకను వారు మఱువలేదు. లండనునందు ఒకటి రెండు గదులలో ఇమిడియుండు కుటుంబమునకు ఆకాశము క్రింద స్వంత పొయ్యి దొరకుట సామాన్యమైన భాగ్యము కాదు. యజమాని కూడు పెట్టి పని చేయించుకొనినచో వారు కేవలము కూలీలై యుండెడివారు. తమ పొయ్యి తాము రాజవేసికొనుటచేతనే ఆ కొన్ని వారములును అది వారి ఇల్లయినది. గ్రామస్థుల మనసు మాత్రము వేఱు. కొందఱు అంగడివారు సరకునకు అడ్డముగా తీగెవల బిగించిరి. మద్యశాలలలో గ్లాసునకు బయానా తీసికొనిరి. కొన్నిటి ద్వారములపై హాప్స్ కూలీలకు ప్రవేశము లేదని బోర్డులే యుండెను.

ఇక కొలత సంగతి. కోసిన పూలను కఱ్ఱచట్రమునకు కట్టిన గోనెతొట్టిలో వేయుదురు. దినమునకు కొన్ని మాఱులు కొలగాడు వచ్చి, బుషెలు బుట్టతో ముంచి లెక్క పెట్టును. హాప్స్ దూదివలె తేలికయైనది. నొక్కిన అణగును, కదిపిన పొంగును. చేయి తేలికగా ఆడించు కొలగాడు కూలికి దేవుడు. అదిమి ముంచువాడు యజమానికి ఆప్తుడు. కొలగాడు వచ్చుచున్నాడని తెలియగానే తల్లులు మోచేతుల వఱకు తొట్టిలో దించి పూలను ఎగజిమ్మెడివారు. కల్లములో కుంచము తలకొట్టుట చూచినవారికి ఈ ఘట్టము వివరింప నక్కఱలేదు. షిల్లింగునకు ఇన్ని బుషెళ్లని పని ఆరంభమున రేటు నిర్ణయించెడివారు. అది నచ్చనిచో తొట్లు విడిచి కూర్చుండెడివారు. అట్టి సమ్మెలు తఱచు జరిగినవి. 1931లో జార్జి ఆర్వెలు అను రచయిత స్వయముగా ఈ కూలి చేసి, దానిని గూర్చి వ్రాసెను. ఆయన పనిచేసిన తోటలో బుషెలునకు 2 పెన్నీలు, అనగా ఆఱు బుషెళ్లకు ఒక షిల్లింగు.

పూర్వము లెక్కకు కఱ్ఱచీలికలు వాడిరి. రెండు ముక్కలుగా చీల్చిన కఱ్ఱలో ఒకటి కూలి వద్ద, ఒకటి యజమాని వద్ద నుండును. కొలత అయినప్పుడెల్ల రెండింటిని జతపఱచి ఒక్కమాఱే గీత కోయుదురు. ఒకవైపు అదనముగా కోసికొనిన గీత రెండవదానితో కలియదు. చదువు రానివారికిని మోసము తెలియునట్టి చిట్టా ఇది. తరువాత వచ్చిన కాగితపు పుస్తకములకు ఇంతటి నిర్దాక్షిణ్యము లేదు. కూలి పూర్తిగా ముట్టునది పంట ముగిసిన నాడే. నడుమ కొంత బయానాగా ఇచ్చెడివారు. ఆ సొమ్ముతో చలికాలపు బూట్లు, బట్టలు కొనుటయు, పాత బాకీలు తీర్చుటయు జరిగెడిది.

ఈ సెలవునకు చెల్లించిన మూల్యము ధనములో లెక్కకు రాదు. 1849లో ఈస్ట్ ఫార్లే గ్రామమున కలరా సోకి 43 మంది హాప్స్ కూలీలు మరణించిరి. 1853 అక్టోబరు 20వ తేదీని, మెడ్వే నది వరదలో నుండగా, పని ముగించి బసకు మరలుచున్న కూలీల బండి హార్ట్‌లేక్ వంతెన కటకటాలను విఱుగగొట్టుకొని నీట పడి 30 మంది మునిగిపోయిరి. వారి స్మారకము హాడ్లో గ్రామపు చర్చి ఆవరణలో, హాప్స్ ఎండబెట్టు ఓస్టు బట్టీ ఆకారమున నేటికిని నిలిచియున్నది. ఇట్టి దుర్ఘటనల వెనుకనే బసల సంస్కరణ మెల్లమెల్లగా సాగినది. శతాబ్ది చివరి దినములలో రిచర్డు విల్సను అను మతాచార్యుడు తూర్పు లండనునుండి తన జనము వెంట వచ్చి, ఫైవ్ ఓక్ గ్రీన్ అనుచోట సేవ ఆరంభించి, తరువాత ఒక పాత మద్యశాలను పిల్లల ఆసుపత్రిగా మార్చెను.

వేతనముతో కూడిన సెలవులను ప్రోత్సహించు చట్టము బ్రిటనున 1938లో గాని రాలేదు. అంతకు పూర్వము పని మానిన దినమున చేతికృత్యములవారిలో అధికులకు కూలి లేదు. కావున తన ఖర్చు తానే సంపాదించుకొను విహారమే వారికి సాధ్యమైన విహారము. అది సెలవా, చాకిరీయా యని వాదించువారు ఈ లెక్కను మఱచుచున్నారు. 1940 సెప్టెంబరులో జర్మను విమానములు లండనుపై బాంబులు కురియుచుండగా చాల కుటుంబములు ఈ తోటలలోనే యుండెను. తలపై విమానయుద్ధము జరుగుచుండగా కందకములలో తలదాచుకొని, శబ్దము అణగగానే మరల తీగల వద్దకు పోయెడివి.

1950ల నుండి కోతయంత్రములు వ్యాపించెను. తీగను మొదలంట కోసి తెచ్చి తగిలించిన, అది పూలను రాల్చి ఆకును వేఱుచేయును. 1960ల చివరకు చేతికోత దాదాపు అంతరించినది. ఆవల జాబులు ఆగిపోయినను, కొన్ని కుటుంబములు పాత గుడిసెల నడిగికొని వచ్చి సెలవులు గడపినవి. నేడు కెంటునందలి ఓస్టు బట్టీలలో అనేకము నివాసగృహములైనవి. కొన్నింటిని వారపు అద్దెకు, వంటగది సహితముగా, విహారమునకు వచ్చు కుటుంబముల కిచ్చుచున్నారు. నాడు రైతు కుటుంబమునకు ఇచ్చిన సొమ్ము, నేడు కుటుంబము రైతునకో గృహస్వామికో ఇచ్చుచున్నది. పొయ్యి మాత్రము ఇప్పటికిని వచ్చినవారే వెలిగించుకొనుచున్నారు.