దుకాణం మూసిన జిల్లా, చికిత్స అడుగుతున్న రోడ్డు

1937 అక్టోబరు 1న సేలం జిల్లా అంతటా కల్లు, సారాయి దుకాణాలకు తాళాలు పడ్డాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో మద్యనిషేధం అమలైన తొలి జిల్లా అదే. ఇవాళ కృష్ణగిరి జిల్లాలో ఉన్న బేరిగై, సూళగిరి, హోసూరు అప్పట్లో సేలం జిల్లాలోవే. ఆ నిషేధ చట్టం తెచ్చిన అప్పటి ప్రెసిడెన్సీ ప్రభుత్వాధినేత రాజాజీ పుట్టింది హోసూరు పక్కనున్న తొరపల్లిలో. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే ఈ సీమ నుంచే ఆ ప్రయోగం మొదలైందని మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

రాజాజీకి ఇది పదవిలోకి వచ్చాక పుట్టిన ఆలోచన కాదు. 1925లో అదే జిల్లాలోని తిరుచెంగోడు దగ్గర గాంధీ ఆశ్రమం పెట్టి, కూలి డబ్బు ఇంటికి చేరకముందే కల్లు అంగట్లో కరిగిపోవడం కళ్లారా చూశారు. మద్యం మానమని చెప్పడానికే 1929లో ‘విమోచనం’ అనే తమిళ పత్రిక నడిపారు. నిషేధంతో ఖజానాకు పడిన గండిని పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు.

దుకాణం మూసేస్తే సరిపోదని ఆనాటి వాళ్లకు తెలుసు. సాయంత్రం పని దిగిన మనిషి ఎటు పోవాలి? అందుకే ఆటలు, భజనలు, నాటకాలు పెట్టించారు, టీ అంగళ్లను ప్రోత్సహించారు. తాగుడు మానినవాడికి ఖాళీ సాయంత్రమే పెద్ద శత్రువని ఇవాళ్టి వైద్యులూ చెబుతారు. 1938లో నిషేధం మన చిత్తూరు, కడప జిల్లాలకు పాకింది. యుద్ధకాలంలో సడలి, 1948లో ప్రెసిడెన్సీ అంతటికీ వచ్చింది. 1971లో తమిళనాడు దాన్ని ఎత్తేసింది. తరవాత పెట్టడం, తీయడం జరిగి, చివరికి 2003లో చిల్లర అమ్మకం టాస్మాక్ పేరుతో ప్రభుత్వం చేతికే వచ్చింది.

ఇంత చరిత్రలో తాగుడును జబ్బుగా చూసే చూపు ఆలస్యంగా వచ్చింది. మద్రాసులో శాంతి రంగనాథన్ భర్తను తాగుడుకు పోగొట్టుకుని, 1980లో ఆయన పేరుతోనే చికిత్సా కేంద్రం మొదలుపెట్టారు. తనలాంటి ఇల్లాళ్ల కోసం ఆమె చేసిన ఆ పనికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇప్పుడు రోడ్డు సంగతి. హోసూరు, కృష్ణగిరి మీదుగా పోయే 44వ జాతీయ రహదారి లాంటి దారుల పక్కన మద్యం దుకాణాలు ఉండకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తమిళనాడు ప్రభుత్వానికీ, కె. బాలుకూ మధ్య నడిచిన కేసది. అదీ దుకాణం మీద పెట్టిన ఆంక్షే. తాగి బండి నడిపినవాడి సంగతి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ చూస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. చికిత్స అన్న మాట ఆ సెక్షన్‌లో లేదు.

హైదరాబాదులో ట్రాఫిక్ పోలీసులు పట్టుబడినవాళ్లను గోషామహల్, బేగంపేట శిక్షణా కేంద్రాలకు ఇంటివాళ్లతో సహా పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తున్నారు. మంచి పని. అయితే ఒక పూట మాటలతో సరదాకి తాగినవాడు మారొచ్చు గానీ, వ్యసనపరుడు మారడు. పొద్దున లేస్తూనే చేతులు వణికేవాడి సంగతి వేరు. అతన్ని ఒక్కసారిగా లాకప్పులో పెడితే చెమటలు, వాంతులు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు ఎదురుగా లేని మనుషులు కనిపిస్తారు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ సమయంలో కావాల్సింది డాక్టరు, థయమిన్ ఇంజెక్షన్, పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషి.

అమెరికాలో 1989లో మయామిలో మొదలైన మాదకద్రవ్యాల కోర్టు పద్ధతిని తరవాత తాగి నడిపేవాళ్ల కోసం కూడా మలుచుకున్నారు. నిందితుడు నెలల తరబడి అదే జడ్జి ముందుకు వస్తూ, పరీక్షలు చేయించుకుంటూ, చికిత్స పూర్తి చేయాలి. మన చట్టాల్లోనూ ఆ బీజం ఉంది. గంజాయి లాంటి మత్తుకు బానిసై చిన్న నేరంలో దొరికినవాణ్ని, అతను ఒప్పుకుంటే చికిత్సకు పంపే వీలు 1985 నాటి మత్తుపదార్థాల చట్టం 39వ సెక్షన్‌లో ఉంది. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం మత్తుకు దూరంగా ఉండాలన్న షరతును పేరుపెట్టి మరీ చెబుతుంది. సారా తాగినవాడికి మాత్రం ఈ తలుపు ఎందుకు తెరవరు?

దూరాభారం సాకు కూడా లేదు. బేరిగై నుంచి హోసూరు చేరి బెంగళూరు బస్సెక్కితే ఆ హోసూరు రోడ్డు మీదే నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది, అందులో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. హోసూరు, కృష్ణగిరి న్యాయవాదులకు నా విన్నపం ఒకటే: రెండోసారి పట్టుబడిన ప్రతి మనిషి విషయంలో జరిమానాతో పాటు వైద్య పరీక్ష, చికిత్స కూడా కోర్టును అడగండి. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లు కేసు దాకా ఆగకండి. 14446కు ఫోన్ చేయండి, అది కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు.