తాడు పారాలంటే

ఉత్తర తెలంగాణలో చెట్టు నుంచి తీపి రసం తీసే విద్య కల్లుగీత. కరీంనగర్ చెరువుగట్ల మీది తాళ్లు, ఆదిలాబాద్ వాగుల పక్కన ఈదులు దీనికి ఆధారం. రెంటినీ గీసే తీరు ఒకటి కాదు. తాటిచెట్టుకు కోత పడేది గెల మీద. గీతకార్మికుడు మోకును చెట్టుకూ నడుముకూ చుట్టి, కాళ్లకు గుజి అనే బంధం తగిలించుకొని, కత్తులున్న ముస్తాదుతో పైకి పాకుతాడు. పూతగెలలను దగ్గరగా కట్టి, మెత్తగా నలిపి, కొసను పలుచగా చెక్కి, కింద లొట్టి అనే కుండ కడతాడు. ఈదుకు కోత మొవ్వు కింద కాండం మీదే. ఒక పక్క మట్టలు నరికి, పైతొక్క చెక్కి, గాటు పెడితే రసం లొట్టిలోకి దిగుతుంది. మరుసటి ఏడు గాటు రెండో పక్కకు మారుతుంది. పాత ఈదుల కాండం వంకరటింకరగా కనిపించేది అందుకే. ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో ఆ వంకరలు చూసి చెప్పవచ్చు.

కెనడాలో మేపుల్ రసం తీసేవారికి ఇలా చెట్టెక్కే పని లేదు. మానుకు చిన్న రంధ్రం వేసి, తోటలోని చెట్లన్నిటినీ ప్లాస్టిక్ గొట్టాలతో కలిపి, చివర వాక్యూమ్ పంపు బిగిస్తారు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో మేపుల్ దారువులోని నీరు ఒత్తిడికి బయటికి వస్తుంది. పంపు బయటి ఒత్తిడిని తగ్గించి ఆ ధారను పెంచుతుంది. ఆ రసంలో చక్కెర సుమారు 2 శాతమే కనుక లీటరు పాకానికి దాదాపు 40 లీటర్లు మరిగించాలి. తాటి రసం అలాంటిది కాదు. ఆకుల్లో తయారైన చక్కెరను మోసే పోషక కణజాలంలోంచి వస్తుంది, తీపి ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే ఆ కణజాలం తన గాయాన్ని తానే మూసుకుంటుంది. పూటపూటా కొత్త పొర తీస్తేనే చెట్టు పారుతుంది. లోతుగా చెక్కితే గెల పాడవుతుంది, పైపైన చెక్కితే ధార తగ్గుతుంది. అది చేతి నేర్పు.

అంత నేర్పున్న చేతులను పాలకులు గౌరవించలేదు. 18వ శతాబ్దం మొదట్లో మొగల్ అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న గీత కులంలో పుట్టినవాడు. 1708లో వరంగల్‌పై దాడి చేసి, 1710లో మొగల్ సేనకు చిక్కి ప్రాణం కోల్పోయాడు. తర్వాత నిజాం రాజ్యంలో ఆబ్కారీ (మద్యంపై పన్ను) ప్రధాన ఆదాయ మార్గాల్లో ఒకటైంది. చెట్టుకు పన్ను కట్టాలి, గుత్తేదారు చెప్పిన ధరకు లొంగాలి. దొరల గడీలకు వెట్టి కింద ఉచితంగా కల్లు పోయాలి. కష్టం గీసేవాడిది, రాబడి ఇతరులది. 1968 ఎక్సైజ్ చట్టం తర్వాత కాలంలో గీత సహకార సంఘాలకూ, విడిగా గీసేవారికీ చెట్ల మీద హక్కు ఇచ్చే పద్ధతులు స్థిరపడ్డాయి.

గెల నుంచి జారిన తాజా రసం నీరా. లొట్టిలోని ఈస్టు దాన్ని గంటల్లోనే పులియబెట్టి కల్లు చేస్తుంది. లొట్టి లోపల సున్నం పూసినా, రసాన్ని చల్లగా ఉంచినా పులియడం ఆలస్యమవుతుంది. ఈ తీపి నీరాను అమ్మేందుకు 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. చెట్టు మీంచి పడి ఏటా గీతకార్మికులు చనిపోతున్నా, నడుము విరిగి మంచాన పడుతున్నా, వారి రక్షణకు పరికరాలు రావడానికి మరో ఏడాది పట్టింది. 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కాలు జారినా మనిషిని చెట్టుకే పట్టి నిలిపే తాళ్లు, పట్టీలు వాటిలో ఉన్నాయి.