రోజుకొక ఛాయాచిత్రం: తెచింగ్ షే కళలో సాక్ష్యం, ఖాళీలు

రోజుకొక ఛాయాచిత్రం తీయాలన్న నియమాన్ని సాధారణంగా జ్ఞాపకాల సేకరణగానే పరిగణిస్తారు. జేమీ లివింగ్‌స్టన్ విషయంలో ఆ మాట చెల్లుతుంది. బార్డ్ కళాశాలలో విద్యార్థిగా ఉండగా 1979 మార్చి 31న పోలరాయిడ్ కెమెరాతో ఆయన మొదలుపెట్టిన పని, 1997 అక్టోబరు 25న, తన నలభై ఒకటవ పుట్టినరోజున మరణించేవరకు సాగింది. మిత్రులు, విందులు, చివరికి ఆసుపత్రి గది అన్నీ అందులో ఉన్నాయి. దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లో తైవాన్ కళాకారుడు తెచింగ్ షే (జ. 1950) ఇదే నియమాన్ని పూర్తిగా వేరే అవసరానికి వాడుకున్నాడు. ఆయన చిత్రాలను జ్ఞాపకాలుగా కాక సాక్ష్యపత్రాలుగా చదవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

షే 1974లో నావికుడిగా ఫిలడెల్ఫియా తీరానికి చేరి, ఓడ విడిచి అమెరికాలో అనధికారికంగా ఉండిపోయాడు. హోటళ్లలో గిన్నెలు కడిగాడు, నేల తుడిచాడు. 1978లో తన ఫోటోతో, వేలిముద్రలతో తానే ఒక ప్రకటన తయారుచేసుకున్నాడు. వలసల శాఖకు ‘కావలసిన వ్యక్తి’ తానేనని ఆ ప్రకటన చెబుతుంది. ప్రభుత్వ దృష్టిలో పడకుండా బతకవలసిన మనిషి, ప్రభుత్వ పత్రాల భాషలోనే తనను తాను నమోదు చేసుకున్నాడు. తరువాతి రచనలన్నిటికీ ఇదే తాళంచెవి అని నా అభిప్రాయం.

1978 సెప్టెంబరు చివర ఆయన తన స్టూడియోలోనే కట్టుకున్న బోనులో ప్రవేశించాడు. ఏడాదిపాటు మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు, రేడియో వినకూడదు. భోజనం తెచ్చే మిత్రుడు రోజుకొక ఫోటో తీసేవాడు. ఆరంభంలో గుండు చేయించుకున్నందువల్ల, పెరిగే జుట్టే ఆ వరుసలో క్యాలెండరు అయింది. బోను తలుపుకు న్యాయవాది సీలు వేసి ధ్రువీకరణపత్రం ఇవ్వడం గమనార్హం. చిత్రం ఒక్కటే చాలదని, దానికి సాక్షి సంతకం కావాలని షే ముందే గ్రహించాడు.

1980 ఏప్రిల్ 11న మొదలైన రెండవ ప్రదర్శనలో ఈ ఆలోచన పరాకాష్ఠకు చేరింది. కర్మాగారాల్లో కార్మికుల హాజరు కోసం ఉండే టైమ్ క్లాక్‌ను గదిలో బిగించి, పగలూ రాత్రీ గంటగంటకూ కార్డు పంచ్ చేశాడు. చేసిన ప్రతిసారీ పక్కనున్న 16 మిల్లీమీటర్ల కెమెరా ఒక్క ఫ్రేము తీసేది. అంటే ఏడాదంతా గంటకు మించిన నిద్ర లేదు, గంటకు మించిన ప్రయాణమూ లేదు. ఆ ఫ్రేములను వరుసగా నడిపితే వచ్చే సినిమా నిడివి సుమారు ఆరు నిమిషాలు. జుట్టు భుజాలదాకా పెరుగుతుంది. గడియారం ముల్లు పిచ్చిగా తిరుగుతుంది. మనిషి మాత్రం అక్కడే నిలబడి ఉంటాడు. పారిశ్రామిక శ్రమపై విమర్శగా దీన్ని చదవడం పరిపాటి. ఆ పఠనం తప్పు కాదు, చాలదు. ఉద్యోగికి హాజరు కార్డు వేతనం తెస్తుంది. షే కార్డు ఏమీ తీసుకురాదు. ఆ గంటలో ఆ మనిషి అక్కడ ఉన్నాడని మాత్రమే చెబుతుంది. ఉనికికి చట్టబద్ధమైన ఆధారం లేనివాడికి అదేమీ చిన్న విషయం కాదు.

సంవత్సరంలోని 8,760 గంటల్లో 133 పంచ్‌లు తప్పాయి. నిద్రపోయి తప్పినవి 94, ఆలస్యమైనవి 29, ముందుగా చేసినవి 10. ఈ లెక్కను షే దాచలేదు, కారణాలవారీగా విభజించి రచనలో భాగం చేశాడు. లేని ఫ్రేములను లెక్కపెట్టినందువల్లనే ఉన్న 8,627 ఫ్రేములు నమ్మదగినవయ్యాయి. శాసనాలతో పనిచేసేవారికి ఇది కొత్త కాదు: శిథిలమైన అక్షరాల చోటును చుక్కలతో చూపిన ప్రతినే మనం విశ్వసిస్తాం. (తెలుగులో డైరీకి ‘దినచర్య’ అన్న మాటా ఉంది. అందులో రాతకన్న చర్యకే పెద్దపీట. షే కార్డులకు అంతకన్న తగిన పేరు నాకు తోచదు.)

1983–84లో లిండా మొంటానోతో కలిసి, ఎనిమిది అడుగుల తాడుతో ఒకరికొకరు కట్టుకుని గడిపిన ఏడాదిలోనూ దైనందిన చిత్రం ఉంది. సంభాషణలను కూడా టేపులపై రికార్డు చేశారు; కాని వాటికి సీలు వేశారు. మరుసటి ప్రదర్శన 1985–86లో. ఆ ఏడాది షే కళ చేయలేదు, చూడలేదు, కళ గురించి మాట్లాడలేదు. దానికి దైనందిన చిత్రాలు లేవు. చట్టబద్ధ నివాసానికి మార్గం తెరిచిన క్షమాభిక్ష ఆయనకు 1988లో లభించింది.